నడుం కింద నాలుగు టైర్లు

లారీ యార్డులో అతన్ని అందరూ ఉడుంపట్టు అంటారు. ఇరవై రెండేళ్లుగా లారీ తోలుతున్నాడు. అతను కట్టిన సరుకు దారిలో ఒక్కసారి కూడా జారలేదు. ఇనుప చువ్వలు కానీ, గాజు పలకలు కానీ, ఇల్లు మారేవాళ్ల బీరువాలు కానీ, అతను బెల్టు వేసి లివరు లాగాడంటే ఇక దేవుడు దిగొచ్చినా విప్పలేడు. ఆ పేరు విన్నప్పుడల్లా అతనికి లోపల్లోపల మహా సంతోషం. ఉడుం ఒకసారి పట్టుకున్నాక ఇంకెవరి మాటా వినదన్న సంగతి మాత్రం యార్డులో ఎవరూ అతని మొహాన అనలేదు. ఇంట్లో అత్తగారు అనేది.

ఆ రోజు అతని జీపు వెనక ఉన్నది లారీ సరుకు కాదు, కూతురి పడవ. చక్రాల ట్రైలర్ మీద పద్నాలుగడుగుల తెరచాప పడవ, దాని మీద పొడవునా పడుకోబెట్టిన స్తంభం. తెరచాపను ఎత్తి నిలబెట్టే ఆ స్తంభం ఇరవై రెండు అడుగుల అల్యూమినియం గొట్టం. పడవ చివర దాటి వెనక్కి నాలుగడుగులు పొడుచుకొచ్చింది, చివర ఎర్రగుడ్డ కట్టారు. పడవా, స్తంభమూ రెండూ క్లబ్బువి. ఆ రకం తయారీ ఆగిపోయి ఏళ్లయింది. స్తంభం వంగిందంటే మరొకటి దొరకదు.

పోటీ మర్నాడు. కూతురు మూడేళ్లు బడి అయిపోగానే సరస్సుకు పరుగెత్తి, చేతులు బొబ్బలెక్కించుకుని, పడవ బోల్తా కొట్టినప్పుడల్లా నీళ్లు మింగి ఈ పోటీ దాకా వచ్చింది. వచ్చే నెలలో ఆమెకు పద్దెనిమిది నిండుతాయి. నిండాక ఈ పోటీలోకి రానివ్వరు. అంటే ఇదే మొదటిది, ఇదే ఆఖరుది. క్లబ్బు పిల్లలంతా ముందురోజే బస్సులో వెళ్లిపోయారు. బస్సెక్కేముందు కూతురు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"నాన్నా, రేపు నాలుగింటికల్లా కొలతలు చూసేస్తారు. స్తంభం వంకర ఉంటే పోటీలోకి రానివ్వరు. జాగ్రత్త."

"ఎవరికి చెప్తున్నావే? నాకా?" అన్నాడు ఉడుంపట్టు.

అసలు తప్పు పొద్దున్నే క్లబ్బు షెడ్డులో జరిగిపోయింది. కోచ్ ముందురోజు పిల్లలతో బస్సెక్కబోయే ముందు స్తంభానికి మూడుచోట్ల ఆసరా పెట్టించి వెళ్లాడు. ముందు ట్రైలర్‌కున్న నిలువు కమ్మీ, వెనక పడవ అంచున చీలిన కొయ్య, నడిమధ్య పాత తివాచీ ముక్క చుట్టిన చెక్క దిమ్మె. ఉడుంపట్టు మధ్యలో బెల్టు వేసి లాగితే ఆ దిమ్మె అడ్డొచ్చింది. స్తంభం ఒక్క అంగుళం దిగలేదు. దిగకపోతే ఇక బిగింపేముంది? లారీవాళ్ల లెక్క ఒకటే, సరుకు ఎంత అణిగితే అంత క్షేమం. అతను ఆ దిమ్మెను తీసి గోడవారన పెట్టాడు. బెల్టు మళ్లీ వేసి, ట్రైలర్‌కు కాలు తన్నిపెట్టి, పళ్లు బిగబట్టి లాగాడు. స్తంభం నడుం కాస్త కిందికి దిగింది. ఇప్పుడు కుదురుగా కూచుందనుకుని తృప్తిగా చేతులు దులుపుకున్నాడు.

జీపు వెనక సీట్లో అత్తగారు. ఆస్పత్రి ప్లాస్టర్ గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్లో విరిగిన కాళ్లలో సగం ఆమె చేతుల మీదుగా అతుక్కున్నవే. ఇప్పుడు ఆమె మోకాళ్లే సహకరించడం లేదు. అందుకని సీటుకు అడ్డంగా కూచుని, కాళ్లు బారజాపుకుని, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని, మొహం వెనక అద్దం వైపు తిప్పుకుంది. ఆమె కూతురికి, అంటే ఉడుంపట్టు భార్యకు, డ్యూటీ ఉంది, రాలేదు. మనవరాలి మొదటి పోటీ చూడాల్సిందేనని ఈమె పట్టుబట్టింది. అత్తకూ అల్లుడికీ పందొమ్మిదేళ్లలో గట్టిగా గొడవంటూ జరగలేదు. పడదు, అంతే. ఆమె పద్ధతి ఒకటుంది. మామూలుగా ఉంటే 'బాబూ' అంటుంది. ఒళ్లు మండితే 'అల్లుడుగారూ' అంటుంది.

ఊరు దాటి ముప్పై కిలోమీటర్లు పోయాక మొదలుపెట్టింది.

"బాబూ, నీ గొట్టం ఊగుతోంది."

"ఊగదత్తయ్యా. బిగించాను."

"బిగించావు కాబట్టే ఊగుతోందేమో. నడుం దగ్గర కింద ఏమీ లేదు."

"నడుమేంటత్తయ్యా, అదేమన్నా మనిషా?"

ఇరవై కిలోమీటర్ల తర్వాత రోడ్డు పాడైంది. గతుకు తగిలినప్పుడల్లా వెనకనుంచి టపటపా చప్పుడు. స్తంభానికి వేలాడే తీగలు దాన్నే కొట్టుకుంటున్నాయి. "గొట్టం చూడండి," అంది ఆమె. 'అండి' వచ్చేసింది. అతను రేడియో సౌండు పెంచాడు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరడమంటే ఇదేననుకున్నాడు. ఎముకలు కట్టే ఆవిడ వచ్చి లారీవాడికి సరుకు కట్టడం నేర్పుతుందా?

ఎనభయ్యో కిలోమీటరు దగ్గర పెద్ద గుంట. జీపు దిగి లేచింది. వెనక ధడేల్మని చప్పుడు.

"అల్లుడుగారూ, బండి ఆపండి."

"ఇంకో నలభై కిలోమీటర్లే కదా..."

"ఆపి చూడండి. గొట్టం సరిగ్గా ఉంటే మీ ఇంటి గడప మళ్లీ తొక్కను. మా అమ్మాయినే మా ఇంటికి రమ్మంటాను."

నిజం చెప్పొద్దూ, ఉడుంపట్టు కాలు బ్రేకు మీదికి వెళ్లింది ఆ మాటకే. అంత మంచి బేరం పందొమ్మిదేళ్లలో ఎప్పుడూ తగల్లేదు. రోడ్డు పక్కన పంక్చర్ షాపు కనిపిస్తే దాని ముందు ఆపి, ఈల వేసుకుంటూ దిగాడు.

ట్రైలర్ వెనక్కి వెళ్లి, స్తంభం చివర నిలబడి ఒక కన్ను మూసి పొడవునా చూశాడు. ఈల ఆగిపోయింది. తిన్నగా ఉండాల్సిన గొట్టం మధ్యలో కుంగి ఉంది. బెల్టు ఒరుసుకున్నచోట రంగు లేచిపోయింది. లివరు నొక్కి బెల్టు వదిలాడు. స్తంభం చప్పున పైకి లేచింది. మళ్లీ కన్ను మూసి చూశాడు. తిన్నగా ఉన్నట్టే ఉంది. పూర్తిగా ఉందా? ఆ చివర ఒక వెంట్రుకంత తేడా ఉందా? తేలలేదు. కళ్లలో నీళ్లుంటే ఏం తేలుతుంది?

టైము ఒంటిగంటన్నర. దిమ్మె కోసం వెనక్కి వెళ్లి వస్తే చీకటి పడుతుంది. ఇలాగే పోతే మిగిలింది కూడా వంగిపోతుంది.

"కొంప ముంచేశానత్తయ్యా," అన్నాడు. అంతవరకూ ఆ మాట అతని నోట ఎవరూ విని ఉండరు.

దెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఆమెకు జన్మలో దొరకదు. ఆమె దెప్పలేదు. తలుపు పట్టుకుని మెల్లగా దిగి, కుంటుకుంటూ వచ్చి, స్తంభం మీద చెయ్యేసి ఈ చివరినుంచి ఆ చివరికి నిమిరింది. ఎముక చూసే చేతులు.

"విరగలేదు. నలగలేదు. ముడత లేదు. ఏడవకు బాబూ, పని చూడు. విరిగిన కాలుకైనా లెక్క ఇదే. ముందు కింద ఆసరా, తర్వాత కట్టు. ఆసరా లేకుండా కట్టు బిగిస్తే ఆ కాలు వంకరగా అతుక్కుంటుంది. మధ్యలో ఏం పెడదాం? గట్టిది వద్దు. రాయి పెడితే రాయే పొడుస్తుంది. కాస్త మెత్తగా ఉండాలి, కుంగిపోకూడదు."

ఉడుంపట్టు చుట్టూ చూశాడు. షాపు నిండా ఉన్నవి టైర్లే.

షాపతను పాత కారు టైర్లు తనే దొర్లించుకొచ్చాడు. పడవలోపల స్తంభం నడుం కిందికి వచ్చేలా ఒకదాని మీద ఒకటి పేర్చారు. మూడు పెడితే అందలేదు. నాలుగు పెట్టాక జానెడు ఖాళీ మిగిలింది. అత్తగారు జీపులోంచి తన మోకాళ్ల దిండు తెప్పించి అక్కడ పెట్టించింది. స్తంభం దాని మీద సుతారంగా ఆనింది. తర్వాత తన సంచీలోంచి సాగే బ్యాండేజీ చుట్టలు తీసింది. రోజూ మోకాళ్లకు కట్టుకునేవి. ఒకదాంతో తీగలన్నిటినీ స్తంభానికి చేర్చి, చప్పుడు కాకుండా చుట్టింది. ఇంకొకటి అతని చేతికిచ్చి, టైర్లకూ స్తంభానికీ కలిపి ఎనిమిది అంకెలా తిప్పమంది.

"ఎంత బిగించాలత్తయ్యా?" అని అడిగాడతను. కట్టడం గురించి ఇంకొకరిని అడగడం అతనికి ఇరవై రెండేళ్లలో అదే మొదలు.

"కట్టు కింద వేలు దూరాలి. దూరకపోతే విప్పి మళ్లీ కట్టు."

మొదటిసారి దూరలేదు. విప్పాడు. రెండోసారీ దూరలేదు, చేతులకు అలవాటైపోయిన బిగింపు మరి. మూడోసారి దూరింది.

టైర్లకేమివ్వాలని అడిగితే షాపతను నవ్వాడు. "అవెక్కడికి పోతాయి సార్? వచ్చేటప్పుడు పడేసి వెళ్లండి. పాప గెలిచిందో లేదో చెప్పి మరీ వెళ్లండి."

మిగతా నలభై కిలోమీటర్లు ఉడుంపట్టు గుడ్లు మోసుకెళ్తున్నవాడిలా నడిపాడు. సైకిళ్లు దాటిపోయాయి. "ఎలా ఉందత్తయ్యా?" అని ఐదు నిమిషాలకోసారి అడిగాడు. "పడుకుంది," అనేది ఆమె అద్దంలోంచి చూస్తూ. దిండు లేక ఆమె మోకాళ్లు ఎంత సలుపుతున్నాయో మాత్రం చెప్పలేదు. గతుకుల దగ్గర ఆమె ఇటు తిరిగి పెదవి కొరుక్కోవడం అతనికి తల పైనున్న అద్దంలో కనిపించింది. ఈ మనిషినా ఇన్నాళ్లూ నేను రేడియో సౌండు పెంచి ఊరుకోబెట్టిందని అతనికి సిగ్గేసింది.

నాలుగుకు పది నిమిషాలుండగా సరస్సు ఒడ్డుకు చేరారు. కూతురు పరుగెత్తుకొచ్చింది, వెనక కోచ్, ఆ వెనక క్లబ్బు పిల్లలు. కోచ్ ట్రైలర్ చుట్టూ తిరిగి టైర్ల దగ్గర ఆగాడు.

"నేను పెట్టించిన దిమ్మె ఏదండీ?"

దారిలో పడిపోయిందనొచ్చు, విరిగిపోయిందనొచ్చు. అబద్ధాలు నాలుక చివర వరసగా నిలబడ్డాయి. కూతురు అతని మొహంలోకే చూస్తోంది.

"నేనే తీసేశాను," అన్నాడు ఉడుంపట్టు. "నాకంతా తెలుసనుకుని తీసి, బెల్టు పెట్టి కిందికి లాగేశాను. ఎనభై కిలోమీటర్లు అలాగే వచ్చాం. మా అత్తగారు చెప్తూనే ఉన్నారు, నేను వినలేదు. ఈ కట్టంతా ఆవిడదే. స్తంభం వంగి ఉంటే తప్పు నాది. ఆవిడది కాదు."

కూతురి మొహం పాలిపోయింది. కట్లు విప్పి, నలుగురు పట్టి స్తంభాన్ని దించి రెండు బల్లల మీద పెట్టారు. కొలతలవాళ్లు వచ్చి ఈ చివరినుంచి ఆ చివరికి దారం లాగి పట్టారు. కోచ్ మోకాళ్ల మీద కూచుని దారం వెంట చూశాడు. స్తంభాన్ని పావువంతు తిప్పించి చూశాడు. మళ్లీ తిప్పించాడు.

"తిన్నగా ఉంది," అన్నాడు కోచ్ లేస్తూ. "మీరెక్కడ ఆపారో కానీ బాబూ, ఇంకో పది కిలోమీటర్లు అలాగే వచ్చుంటే దీన్ని ఇనుప సామాన్లవాడికి ఇచ్చుకోవాల్సిందే."

కొలతలవాళ్లు స్తంభం మీద ముద్ర వేశారు. కూతురు ఒక్క కేక పెట్టి అమ్మమ్మ మెడ చుట్టేసింది. "నెమ్మదే, నేను గొట్టాన్ని కాదు," అందావిడ. పిల్లలంతా నవ్వారు.

వాళ్లు పడవను నీళ్లవైపు తోసుకెళ్లాక ఉడుంపట్టు దిండు దుమ్ము దులిపి తెచ్చి, ఒడ్డున బల్ల మీద కూచున్న అత్తగారి మోకాళ్ల కింద పెట్టాడు. పెట్టి, లేవకుండా అక్కడే గొంతుక్కూచున్నాడు.

"అత్తయ్యా, మీరు లేకపోతే ఈవేళ నా కూతురి మొహం చూడలేకపోయేవాణ్ని. ఎలా చెప్పాలో నాకు తెలీదు. పందొమ్మిదేళ్లలో మీ మాట ఒక్కటి కూడా చివరిదాకా విన్న పాపాన పోలేదు."

"నా బల్ల మీదికొచ్చిన వాళ్లలో సగం మందిది ఒకటే మాట బాబూ. దెబ్బ తగిలింది కానీ, ఇంకో నాలుగడుగులేగా అని నడిచేశానమ్మా అనేవాళ్లు. ఆ నాలుగడుగుల్లోనే కాలు పోయేది. మీ మామగారూ అంతే. మేడమెట్ల మీద కాలు బెణికిందనుకుని, నేను వద్దంటున్నా వినకుండా డ్యూటీకి నడిచి వెళ్లారు. చివరిదాకా కుంటుతూనే బతికారు. అందరి కాళ్లూ కట్టాను, ఆయన్ని మాత్రం ఆపలేకపోయాను. నువ్వు ఆగావు. నా మాట మీద ఆగిన మగాడివి మా ఇంట్లో నువ్వొక్కడివే."

ఏ బేరానికి ఆశపడి బ్రేకు తొక్కాడో గుర్తొచ్చి ఉడుంపట్టు తల వంచుకున్నాడు. చెప్పబోయాడు కూడా. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి, మాట్లాడనివ్వలేదు.

"నాన్నా! స్తంభం నిలబెట్టాలి, రా!" అని నీళ్ల దగ్గర్నుంచి కూతురు కేకేసింది.

అతను కళ్లు తుడుచుకుని పరుగెత్తి, మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, కూతురు ఎక్కడ పట్టుకోమంటే అక్కడ పట్టుకున్నాడు.