రోలర్ ఆగిన రోజు

బాలమ్మను ఆటోలో ఎక్కించి పంపిన గంటలోపే రోలర్ మళ్ళీ తిరిగింది.

నేల మీద బకెట్లతో నీళ్ళు కొట్టారు. రక్తమంటిన దుప్పటిని సూపర్‌వైజర్ దుర్గేష్ కాలితో పక్కకు నెట్టి, "గిది మళ్ళ వాషింగ్‌ల ఎయ్యుండ్రి" అన్నాడు. మధ్యాహ్నానికి కబురొచ్చింది, ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయిందని. షెడ్డులో ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఏడవాలంటే పని ఆపాలి. పని ఆపితే రేపు గేటు దాటనివ్వరు.

బోయిన్‌పల్లి మార్కెట్ వెనక సందులో ఉంది ఆ లాండ్రీ. ప్రైవేటు ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు లారీల్లో అక్కడికొస్తాయి. ఉతికినవాటిని ఆవిరితో కాగే పెద్ద ఇనుప రోలర్ల మధ్యకు తోస్తే అవతలి వైపు ఇస్త్రీ అయి బయటికొస్తాయి. తోసేది బాలమ్మ. అవతల అందుకుని మడతపెట్టేది రజిత. ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా ఒకే దుప్పటికి చెరో కొసన నిలబడ్డారు. "పట్టుకో బిడ్డా, ఒస్తుంది" అని బాలమ్మ అరిస్తే, వేడి గుడ్డ రజిత చేతుల్లోకి వచ్చేది.

ఆ రోజు ముడతపడ్డ అంచు సర్దబోతే బాలమ్మ చేతిని రోలర్ లాక్కుంది. రెండో చేత్తో ఆమె ఎర్ర బటన్‌ను బాదుతూనే ఉంది. అది నొక్కితే మెషిన్ ఆగాలి. ఆగలేదు. ఎవరో పరుగెత్తి మెయిన్ స్విచ్ కట్టేసేసరికి అంతా అయిపోయింది.

మర్నాడు రజితను బాలమ్మ చోటికి మార్చారు.

దుప్పటి మీద దుప్పటి. అన్నీ తెల్లగానే ఉన్నాయి. నిన్న మళ్ళీ ఉతకడానికి పంపిన ఆ దుప్పటి కూడా వీటిలోనే ఎక్కడో ఉంది. ఏదో తెలియదు. అందుకే ప్రతిదీ అదేననిపించి రజిత వేళ్ళు వెనక్కొచ్చేవి. ఆవిరి ముఖానికి కొట్టినప్పుడల్లా, తాను అరవాల్సిన మాట తన కంటే ముందే ఎవరో అరిచినట్టు వినబడేది. అవతల మడతపెడుతున్న సుకన్య ఒకసారి తొంగి చూసి, "నువ్వేనా పిలిచింది?" అంది. రజిత పిలవలేదు.

ఇంకో మాట కూడా ఆమెను వదల్లేదు. చనిపోవడానికి కొన్నాళ్ళ ముందు బాలమ్మ దుర్గేష్‌ను అడిగింది: "సార్, ఎర్ర బటన్ పనిచేస్తలేదు. జెర జూడుండ్రి." "తక్లీఫ్ అయితే ఇంట్ల కూసో" అన్నాడతను. షెడ్డంతా విన్నది. షెడ్డంతా తల వంచుకుని పని చేసుకుంది.

ఆదివారం సీతాఫల్‌మండిలోని యూనియన్ గదిలో అందరూ కలిశారు. కార్యదర్శి యేసుదాసు అదే లాండ్రీలో బాయిలర్ చూస్తాడు. మాట నెమ్మది.

"బాలమ్మ అజాగ్రత్త వల్లే జరిగిందని కంపెనీ అంటోంది. ఎవరికైనా కంప్లైంట్ ఉంటే ఒక్కొక్కరే మేనేజర్ రూంకు రావాలంట" అన్నాడు.

సుకన్య లేచింది. "బాలమ్మ గూడ ఒక్కతే చెప్పింది గదన్నా! ఏమైంది? యూనియన్ ఏం జేసింది?"

"నాకు చెప్పలేదమ్మా."

"నువ్వడిగినవా? రోజూ ఆ మెషిన్‌కు ఆవిరి పంపేది నువ్వేనాయె."

 

వాషింగ్‌లో పనిచేసే విమలమ్మ గోడకానుకుని అంది: "పోయిన మనిషి ఎట్లన్న పోయింది. కొలువులు పోతే మనల్నెవరు జూస్తరు? ఊకోండ్రి."

"ఎట్ల ఊకుందుమక్కా?" రజిత విమలమ్మ వైపు తిరిగింది. "ఆమె నిలబడ్డ కాడనే నన్ను నిలబెట్టిన్రు. ఆమె అడిగిననాడు నేను గూడ అడిగుంటే, మనమందరం ఒక్కసారి మెషిన్ వదిలేసి నిలబడుంటే, దుర్గేష్ గాడు గంత మాట అనేటోడా? రేపు ఆ రోలర్ నన్ను గుంజుతది. తెల్లారి ఎవర్ని నిలబెడ్తరు? నిన్నా?"

విమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

యేసుదాసు కాగితం తీసి బటన్ సంగతి ఫిర్యాదుగా రాశాడు. "అడగకపోవడం నా తప్పే. ఇప్పటి నుంచి ఎవరి బాధైనా యూనియన్ బాధే. లేబర్ ఆఫీసుకు ఒక కాపీ ఇద్దాం. మేనేజర్ దగ్గరికి మాత్రం ఎవరూ ఒంటరిగా పోవద్దు." ముందు పేరు ఎవరిదో తెలియకుండా సంతకాలు గుండ్రంగా పెట్టారు. విమలమ్మ వేలిముద్ర కూడా ఆ వలయంలో పడింది.

సోమవారం టీ బెల్లు కొట్టగానే అందరూ ఒక్కటిగా మేనేజర్ రూంకు కదిలారు. మేనేజర్ హరికిషన్ కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"మీల లీడర్ ఎవరు?"

గుండ్రంగా ఉన్న సంతకాల్లో మొదటి పేరు అతనికి దొరకలేదు.

"బటన్ మంచిగనే ఉంది. ఎలక్ట్రీషియన్ చెక్ చేసిండు. పోయి పని చేసుకోండి."

"మంచిగుంటే రాండ్రి సార్" అంది రజిత. "మీరు దుప్పటి తొయ్యుండ్రి. బటన్ నేను నొక్కుత."

అంతమంది చూస్తుండగా అతను వెనక్కి తగ్గలేకపోయాడు. షెడ్డులోకి వచ్చాడు. రోలర్ తిరుగుతోంది. దుప్పటి అంచు పట్టుకుని బాలమ్మ నిలబడే చోట నిలబడ్డాడు. ఆవిరి మీదికొచ్చింది. అతని నుదుటిపై చెమట పట్టింది. చేతులు ముందుకు పోలేదు. దుప్పటి జారి కింద పడింది.

రజిత ఎర్ర బటన్ నొక్కింది. అరచేత్తో గట్టిగా, మళ్ళీ మళ్ళీ నొక్కింది.

రోలర్ తిరుగుతూనే ఉంది.

అందరూ చూశారు. దుర్గేష్ కూడా చూశాడు. అప్పుడు యేసుదాసు వెళ్ళి బాయిలర్ కట్టేశాడు. సుకన్య మెయిన్ ఆపింది. షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది. చల్లబడుతున్న ఇనుము మాత్రం టిక్కుటిక్కుమంటోంది. ఎవరో వెక్కి ఏడ్చారు. ఆ తర్వాత అందరూ ఏడ్చారు, బాలమ్మ కోసం, ఇన్నాళ్ళకు, గట్టిగా.

హరికిషన్ ఫోన్ చేశాడు. పోలీసులొచ్చారు. పని ఆపించారని, మేనేజర్‌ను బెదిరించారని రజితనూ యేసుదాసునూ వ్యాన్ ఎక్కించారు. అప్పుడే మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు గేటు దగ్గర ఆటోలు దిగుతున్నారు.

"లోపలికి నడువుండ్రి, మెషిన్ షురూ చెయ్యాలె" అని దుర్గేష్ తొందరపెట్టాడు.

వాళ్ళు వ్యాను వైపు చూశారు. "ఏందక్కా, ఏమైంది?" అని విమలమ్మను అడిగారు. ఆమె చెప్పింది. బటన్ సంగతి, బాలమ్మ అడిగిన సంగతి, తాము తల వంచుకున్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. చెప్పి, పోయి వ్యాన్ ముందు మట్టిలో కూర్చుంది. ఆమె పక్కన సుకన్య కూర్చుంది. మధ్యాహ్నం షిఫ్టు ఆడవాళ్ళు టిఫిన్ బాక్సులు కింద పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు.

"లేస్తరా, లేపాల్నా?" అని ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

"ముందు బాలమ్మను చంపినోళ్ళను ఎక్కించుండ్రి" అంది విమలమ్మ.

వ్యాన్ కిటికీ ఇనుప జాలీని రజిత రెండు చేతులా పట్టుకుంది. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు.