పదో వచనం తర్వాత

పాత సామాన్ల వేలం హాల్లో అతన్ని అందరూ మైకు అంటారు. హాల్లో వేరే మైకు అవసరం లేదు గనక. అతను వేలు చూపిస్తే సామాను వేలు పలికేది. చేతిలో సుత్తి, నోట్లోనూ సుత్తే. కాలు విరిగిన కుర్చీని కూడా “కూర్చున్నవాడికి వినయం నేర్పే కుర్చీ బాబూ!” అంటూ అంటగట్టేవాడు. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా గొంతులో వెలక్కాయ పడ్డట్టు తిరుగుతున్నాడు.

చర్చి పెద్దలు ఒక మాటన్నారు మరి. “పాస్టరు అయ్యగారు పెద్దవారైపోయారు. నీ గొంతు దేవుడిచ్చిందే. ప్రసంగానికి ఇక నువ్వు నిలబడు.”

“ఇది దేవుడి పిలుపేనంటావా? లోపల ఏదో కదులుతోందే,” అన్నాడు భార్యతో.

“పిలుపో పులుపో ముందు తేల్చుకోండి. నిన్నటి కూరంతా ఊడ్చింది మీరే.”

తేల్చుకోవడానికే శనివారం మధ్యాహ్నాలు అయ్యగారి దగ్గర బైబిలు చదవసాగాడు. చిన్నప్పుడు అతనికి వాక్యం నేర్పింది ఆయనే. ఆయన పద్ధతి ఒక్కటే: “తియ్యగా ఉన్నచోట ఆగిపోకురా. అధ్యాయం చివరిదాకా నడువు.”

ఈ వారం ఇంటి దగ్గర చదువుకు రమ్మన్నది సమూయేలు కథ. మందిరంలో పడుకున్న కుర్రాణ్ణి దేవుడు పేరుపెట్టి పిలుస్తాడు. గురువు ఏలీ పిలిచాడనుకుని వాడు మూడుసార్లు ముసలాయన దగ్గరికి పరుగెత్తుతాడు. నాలుగోసారికి గానీ “చెప్పండి, వింటున్నాను” అనడు. అది పదో వచనం. మైకు విన్న ప్రసంగాలన్నీ అక్కడే ఆగి, పాట పాడించి, జనాన్ని ఇంటికి పంపేశాయి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని బతికేవాడికి ఇంతకన్నా సొంత కథ ఏముంటుందని మురిసిపోయి, ఆ ఊపులో ముందుకు చదివాడు.

ఆ పిల్లాడికి దేవుడు అప్పగించిన మొదటి మాట దేశానికి కాదు, రాజుకీ కాదు. తనని పెంచిన, కళ్ళు మసకబారిన ఆ ముసలాయనకే. అదీ ఆయన ఇంటికి శిక్ష తప్పదనే గుండె పగిలే మాట. చెప్పలేక పిల్లాడు తెల్లారేదాకా భయపడుతూ పడుకున్నాడట.

మైకు పుస్తకం మూసేశాడు. చర్చిలో అందరికీ తెలిసి ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. అయ్యగారికి మతి జారుతోంది. చేసిన ప్రసంగమే మళ్ళీ చేస్తున్నారు. మొన్న సొంత మనవరాలి పెళ్ళిలో, జంట ఎదురుగా నిలబడి ఉండగా, సమాధి దగ్గర చదివే ప్రార్థన ఎత్తుకున్నారు. ఆయన భార్య పాస్టరమ్మ గభాలున పాట అందుకుంది. జనం గొంతు కలిపారు. పెళ్ళికూతురు ఒక్కతే కలపలేదు. తర్వాత “ఎంత బాగా జరిపించారండీ” అన్నారంతా. అందరికన్నా గట్టిగా అన్నది మైకే.

శనివారం వచ్చింది. పక్కగదిలో పాస్టరమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. అయ్యగారు బల్ల మీద బైబిలు తెరిచారు.

“ఏరా మైకూ, ఇవాళ కరెంటు లేదా? చదివావా?”

“చదివానండి. చివరిదాకా.”

“పదో వచనం తర్వాత ఏముంది?”

“భయముందండి.”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “పొద్దున్నే ఏలీ ఏమన్నాడు?”

“దేవుడు ఏం చెప్పాడో దాచకు అన్నాడండి.”

“నేనూ అదే అంటున్నా. నీకేం చెప్పాడు? దాచకు.”

మైకు మనసులో తూకం వేశాడు. ఈ మాట చెబితే ఆయన నిలబడే చోటు తనదవుతుంది. ఆ చోటు మీద ఆశతో చెబితే ఇది పిలుపు కాదు, పాట. వేలంపాట. చెప్పకపోతే, పగిలిన అద్దాన్ని పగులు కనబడకుండా తిప్పి అమ్మే మనిషి రేపు వాక్యాన్నీ అలాగే అమ్ముతాడు. ఏ వైపు చూసినా గొయ్యే. లేచి పారిపోవాలనిపించింది.

పారిపోలేదు. వీధి చివరిదాకా వినపడే గొంతు ఆరోజు బల్ల దాటలేదు. అంతా చెప్పాడు.

ఇస్త్రీ చప్పుడు ఆగిపోయింది.

“ఎవరి పెళ్ళిరా?”

“మీ మనవరాలిదండి.”

అయ్యగారి వేళ్ళు బల్ల మీద దేనికోసమో వెతికాయి. “బాగుందన్నారే అందరూ?”

“అన్నామండి. నేనే గట్టిగా అన్నాను.”

ఆయన కళ్ళజోడు బల్ల మీద పెట్టారు. “రేపు నువ్వు నిలబడు. నేను ముందు వరసలో కూర్చుంటా. నన్ను క్షమించమని ఆ పిల్లని అడగాలి.” అతని చెయ్యి పట్టుకుని, “ఇదీ మర్చిపోతానేమోరా. మళ్ళీ చెప్తావా?”

“చెప్తానండి,” అన్నాడు మైకు, ఒప్పుకుంటున్నదేమిటో పూర్తిగా తెలియకుండానే.

పాస్టరమ్మ టీ తెచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముగ్గురూ తాగారు. సుత్తి పడింది, గండం గడిచింది అనుకుని మైకు ఊపిరి వదిలాడు.

అయ్యగారు గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, తెరిచిన పేజీ చూశారు. ముఖం వెలిగింది.

“ఏరా మైకూ, ఇవాళ కరెంటు లేదా? చదివావా? పదో వచనం తర్వాత ఏముంది?”

పాస్టరమ్మ మైకు భుజం దగ్గరికి వంగింది. “వద్దు బాబూ. ఏదో ఒకటి చెప్పి నవ్వించెయ్యి,” అంది గుసగుసగా.

జోకు నాలుక చివరే ఉంది, మంచి జోకు. మింగేశాడు.

“భయముందండి,” అన్నాడు, రెండోసారి.