డ్రమ్ము లేని పీసు

ఆదివారం మధ్యాహ్నం, ఖాళీ బడిగదిలో, చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఐదుగురు పెద్దమనుషులు గంటన్నరగా వాదించుకుంటున్నారంటే, ఏ ఆస్తి పంపకమో అనుకుంటారు చూసినవాళ్ళు. అదేం కాదు. వచ్చే సీజన్లో తమ ఊరి ఆర్కెస్ట్రా మూడు కచేరీల్లో ఏమేం వాయించాలో తేల్చుకుంటున్నారు. రెండు కచేరీలు ఎలాగో తేలాయి. మూడోదాని దగ్గర బండి ఆగిపోయింది.

జాబితా రాస్తున్నది వదిన. ప్లంబరుగారిని బృందమంతా అన్నయ్యా అంటుంది, ఆయన భార్య కాబట్టి చిన్నాపెద్దా అందరికీ ఆవిడ వదినే. పంతొమ్మిదేళ్ళుగా వయోలా వాయిస్తోంది. అది వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు బొంగురు. రాగమంతా వయొలిన్లు లాక్కుపోతే, వయోలా నడుమ కూర్చుని ఊఁ కొడుతుంది. కూరలో కరివేపాకే నయం, తీసి పారేసే ముందు ఒకసారి కంటికైనా కనిపిస్తుంది.

ఈసారి వదిన పట్టుబట్టింది. తీగ వాయిద్యాలకు మాత్రమే రాసిన పన్నెండు నిమిషాల పీసొకటి లైబ్రరీలో దొరికింది. మొదటి నుంచి చివరి దాకా అందులో రాగం వయోలాదే. వచ్చే ఏడు ఆవిడకు అరవై. భుజం అప్పుడే మొరాయిస్తోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ కాదు.

"పీసు బంగారంలా ఉందమ్మా," అన్నారు బృందాన్ని నడిపించే లెక్కల మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "కానీ..."

ఆ 'కానీ' ఏమిటో గదిలో అందరికీ తెలుసు. అది వెనక బెంచీలో కూర్చుని బిస్కెట్లు తింటోంది.

ప్లంబరుగారు డ్రమ్ములు వాయిస్తారు. బృందంలో పెద్ద వ్యాను ఆయనొక్కడికే ఉంది. వారమంతా పైపులు మోసే ఆ వ్యానులోనే కచేరీ రోజున పెద్ద వాయిద్యాలన్నీ ఎక్కాలి. అందుకని ప్రతి పీసులోనూ డ్రమ్ము మీద కనీసం ఒక్క దెబ్బయినా ఉండాలన్నది అక్కడ రాయని శాసనం. రెండేళ్ళ కిందట కాదని చూస్తే, సరిగ్గా కచేరీనాడే వ్యానుకు జలుబు చేసింది. సెల్లో వాయించే లాయరుగారు మనిషంత వాయిద్యానికి బస్సులో టికెట్టు తీసి, పక్కసీట్లో కూర్చోబెట్టుకుని వచ్చారు.

"చివర్లో ఒక చిన్న దెబ్బ కలిపేద్దామా, మెల్లిగా?" అంది ఫ్లూటు వాయించే పళ్ళ డాక్టరమ్మ.

"అదేమన్నా టీయా అమ్మా, తీపి తక్కువైతే చెంచాడు చక్కెర కలపడానికి?" అంది వదిన.

లాయరుగారు లేచి నిలబడ్డారు. "కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇంటి గొడవ మీరిద్దరూ తేల్చుకోండి వదినా. మేం టీ తాగొస్తాం."

ముగ్గురూ బతుకుజీవుడా అని బయటపడ్డారు. వదిన భర్త వైపు తిరిగింది.

"పన్నెండు నిమిషాలండీ. పన్నెండంటే పన్నెండు. చేతులు కట్టుకుని కూర్చోలేరా?"

"నేను వద్దన్నానా?"

"అనాలా ఏంటి? మీ మొహమే అంటోంది."

"డ్రమ్ము లేకపోతే అదేం సంగీతమే!" అన్నాడాయన, ఒళ్ళో పడ్డ బిస్కెట్ పొడి దులుపుకుంటూ.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. "పంతొమ్మిదేళ్ళు! ఒక్కరైనా, ఒక్కరోజైనా, బాగా వాయించావు అన్నారా? మీరన్నారా? వెనక కూర్చుని ఢాం ఢాం అని మీ గోల మీది. నేనక్కడ వాయిస్తున్నానో కునుకు తీస్తున్నానో మీకేం తెలుసు?" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసుకుని ఇంకా కోపమొచ్చింది.

ప్లంబరు బిస్కెట్ పొట్లం మూతి మడిచాడు.

"మొన్నటి కచేరీలో పావుగంట ఖాళీగా కూర్చుని ఒక్క దెబ్బ కొట్టాను కదా. ఎలా కొట్టాననుకున్నావు?"

"లెక్కపెట్టుకుని. అందరూ అలాగేగా కొడతారు."

"నా మొహం. ఇరవై దాటితే నాకు లెక్క తప్పిపోతుంది. నిన్ను చూసే కొడతాను. రిహార్సల్లో గుర్తు పెట్టుకుంటాను. నీ వయోలా కమాను ఇంతెత్తు లేచి, ఎడం కాలి మడమ నేలకి ఆనిందంటే నా దెబ్బకి టైమైందన్నమాట. భుజం నొప్పున్న రోజు కమాను కిందనుంచి లాగుతావు. ఆ రోజు నేనూ మెల్లిగా కొడతాను."

భుజం సంగతి వదిన ఎవ్వరికీ చెప్పలేదు. డాక్టరుక్కూడా.

"మరి నా పీసుకెందుకండీ అడ్డం?"

"డ్రమ్ము లేదంటే మాస్టారు నన్ను స్టేజీ దిగి హాల్లో జనంలోకి పొమ్మంటాడు. ఒకసారి పోయాను. గంటసేపు లాయరు వీపు, ఆయన సెల్లో చూసొచ్చాను. నువ్వెక్కడా కనపడవు."

"ఈ మాట ఇన్నేళ్ళూ చెప్పి చావచ్చుగా!"

"నువ్వడిగావా?"

వదినకు ఆయన్ని కొట్టాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వాయిదా వేసి, ఆయన చేతిలోని బిస్కెట్ పొట్లం లాక్కుని, జాబితా ముందుకు జరుపుకుని, మూడో కచేరీ కింద తన పీసు పేరు రాసింది.

టీ తాగినవాళ్ళు తలుపు తోసుకుని తొంగిచూశారు. "ఏం తేలింది?" అన్నారు మాస్టారు, భయం భయంగా.

"నా పీసు ఉంటుంది. వ్యానొస్తుంది. డ్రమ్ములాయన స్టేజీ మీదే, తన చోటే కూర్చుంటాడు."

"అందులో ఆయన కొట్టేదేం లేదు కదమ్మా, అక్కడెందుకు?" అన్నారు లాయరుగారు.

"ఆయనకి అక్కడ పనుంది," అంది వదిన, తలెత్తకుండా.