గోడ మీద చెయ్యి

రేపు ఆడపడుచు వస్తుందనగా, గోడ కడగమని బకెట్టు తెచ్చి కోడలి ముందు పెట్టింది అత్త. వంటగది గడప దగ్గర మొదలై, నడవా పొడుగునా సాగి, బాత్‌రూం తలుపు దాకా నడుమెత్తులో ఒక మసక గీత. తాడు లాగి కట్టినట్టు ఉంటుంది.

"రంగులు వేయించి ఏడాది కాలేదు. మా అమ్మాయి కళ్ళలో పడిందంటే నలుగురికీ చెప్పి నవ్వుతుంది. గట్టిగా రుద్దు," అంది అత్త.

ఆమె రుద్దింది. సబ్బునీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. సగం గోడ తెల్లబడ్డాక ఊపిరి తీసుకుందామని ఆగి, రెండో చెయ్యి గోడకి ఆనించింది. ఆ చెయ్యి సరిగ్గా వెళ్ళి గీత మీదే పడింది. ఎవరో కొలిచి పెట్టినట్టు. అప్పుడు తెలిసింది, అది మురికి కాదని. ఎడమ కాలు నా వల్ల కాదని మొరాయించిన ప్రతిసారీ అరచెయ్యి ఆనించి ఈడ్చుకుంటూ వచ్చిన తన నడక అది. తన జబ్బుకు ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సాక్షిని తనే సబ్బు పెట్టి కడిగేస్తోంది. పీచు బకెట్లో పడేసింది. మిగతా సగం అలాగే ఉండిపోయింది.

భర్త డ్రైవింగు స్కూలు నడుపుతాడు. పొద్దున్నే కార్లు తుడవడం, వచ్చినవాళ్ళ కాగితాలు చూడడం, ఫోనెత్తి "క్లాచి ఒక్క రోజులో రాదండీ" అని ఓదార్చడం, అన్నీ ఆమె పనులే. జీతం మాత్రం లేదు. ఎందుకుంటుంది, అది "మన స్కూలు" కదా. లాభం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం "నా స్కూలు" అయ్యేది. జబ్బు మొదట పట్టింది కూడా అక్కడే. ఒకరోజు కారు తుడుస్తుంటే ఎర్రటి ఎల్ బోర్డు ఎండకు వెలిసినట్టు కనిపించింది. కుడి కన్ను మూస్తే వెలిసిపోయేది, ఎడమ కన్ను మూస్తే మళ్ళీ ఎర్రగా. "టీవీ తగ్గించమంటే వినవు," అన్నాడు భర్త. స్కానింగులయ్యాక తేలింది, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని. ఒంటికి కాపలా ఉండాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీద పొరను కొరుక్కు తింటుందట. ఎటాక్ రావడం, తగ్గడం, మళ్ళీ రావడం. ఆమెకు వచ్చింది ఆ రకం. ఇంట్లోనే వేసుకునే సూది మందు ఇచ్చారు. చిన్న మందు. కన్ను తిరిగి వచ్చింది. వచ్చిందంటే ఇంక జబ్బు లేనట్టే అని ఇంట్లో తీర్మానం అయిపోయింది.

ఆ తర్వాత వానల్లో కాలు పోయింది. నడుము నుంచి కింద దాకా తిమ్మిరి, ఇసుక మూట కట్టినట్టు కాలు. "మంచం దిగకుండా ఉండడానికి మంచి ఉపాయం. మా కాలంలో మాకు తట్టలేదు," అంది అత్త. భర్త మంచం దాకా వచ్చి, ప్రేమగానే, "రెస్టు తీసుకో," అన్నాడు. వంటగదిలోకి వెళ్ళి అక్కణ్ణుంచి, "గరిటెలు ఎక్కడ పెట్టావు?" అని కేకేశాడు. ఆమె గోడ పట్టుకుని లేచింది. అదే ఆ గీతకు మొదలు.

కాలు కొంచెం తిరిగి వచ్చింది. పూర్తిగా రాలేదు. మిగిలిన లోటును ఆమె తన తెలివితో పూడ్చింది. గిన్నెలు కింది అరలోకి దించింది. కూరలు కూర్చుని తరిగింది. గోడ మాయకుండా చేతులు కడుక్కుని నడిచింది. ఇన్ని తంటాలు పడి, ఏమీ కానట్టు కనిపించింది. పోయినసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ "మధ్యలో మళ్ళీ ఎటాక్ లాంటిదేమైనా వచ్చిందా?" అని ఆమెను అడిగింది. జవాబు చెప్పింది మాత్రం భర్త.

"అబ్బే, ఏం లేదండీ. ఇంటి పనంతా తనే చేసుకుంటుంది."

నేర్పే కారులో ఆయన కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు తమ చేతిలో ఉందనుకుంటారు. పెళ్ళైన నాటి నుంచి ఆమె నోరు తెరిచిన ప్రతిచోటా ఆ కాలు పని చేస్తూనే ఉంది. ఆ రోజు కూడా నొక్కాడు. మాట ఆగిపోయింది. చిన్న మందే చాలన్నారు.

గోడ కడిగిన మర్నాడు పొద్దున, ఆసుపత్రిలో డాక్టరమ్మ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది.

"వచ్చింది," అంది ఆమె.

"అంటే, కొంచెం నీరసం డాక్టర్..." భర్త ముందుకు వంగాడు.

"ఏమండీ, బ్రేకు మీంచి కాలు తియ్యండి."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆయనకు అయ్యింది. కుర్చీలో వెనక్కి జరిగాడు.

ఆమె వానాకాలం గురించి చెప్పింది, గరిటెల గురించి చెప్పింది, గోడ గురించి చెప్పింది. డాక్టరమ్మ రాయడం ఆపి, "బయట వరండాలో నడిచి చూపిస్తారా? ఏదీ పట్టుకోకుండా," అంది. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ ముందు కాలిని బిగబట్టి నడిపించడం ఆమెకు అలవాటు. ఈసారి బిగబట్టలేదు. దాని ఇష్టానికి వదిలేసింది. చెప్పు అంచు నేలకి రాసుకుంటూ గీర్ గీర్‌మంది. ఆ చప్పుడు భర్త రోజూ వింటున్నదే. ఈ రోజు వినిపించినట్టుంది, తల దించుకున్నాడు.

డాక్టరమ్మ లోపలికి వచ్చి కూర్చుంది. "ఇది నాకు అప్పుడే తెలియాల్సింది. ఒకప్పుడు చిన్న మందుతో మొదలుపెట్టి, ఎటాక్ వచ్చినప్పుడల్లా ఒక మెట్టు పైకి వెళ్ళేవాళ్ళం. కానీ రోగుల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వస్తే, మొదట్లోనే బలమైన మందు పడినవాళ్ళలో చాలామంది ఎక్కువ కాలం తమ కాళ్ళ మీద తాము నిలబడుతున్నట్టు కనిపిస్తోంది. అందరూ కాదు. నేను గ్యారంటీ ఇవ్వను. ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుంది, ముందు పరీక్షలు చెయ్యాలి. కానీ ఆగి చూద్దాం అనుకున్న రోజుల్లో పోయిన నరం, తర్వాత ఎంత పెద్ద మందు ఎక్కించినా వెనక్కి రాదు."

"పెద్ద మందు ఇప్పుడే వాడేస్తే, రేపు ముదిరితే ఏం మిగులుతుందండీ?" అన్నాడు భర్త. ఆయన గొంతులో భయం ఉంది. నిజమైన భయమే. ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ తన భయం అణుచుకుని ఆ భయానికి కూడా సేవ చేసింది.

పెళ్ళిలో పెట్టిన పూల అంచు కంచాలు గుర్తొచ్చాయి. మంచి రోజు వస్తే తీద్దామని అత్త అలమరలో దాచింది. ఆ మంచి రోజు ఇంకా రాలేదు. ఆమె తినేది అంచు వంగిన కంచంలో.

"ముదిరే దాకా దాచుకోవడానికి నా కాలు అలమరలో కంచం కాదు," అంది భర్తతో. డాక్టరమ్మ వైపు తిరిగింది. "పరీక్షలు రాయండి మేడం. అన్నీ బాగుంటే ఆ బలమైనదే మొదలుపెట్టండి. సంతకం నాది."

ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు సోఫాలో ఉంది. పొయ్యి మీద పాలు పొంగి మాడి ఇల్లంతా కమురు వాసన.

"అదేంటి వదినా, గోడ సగమే కడిగారు? సబ్బు అయిపోయిందా?" అని నవ్వింది ఆడపడుచు.

"సబ్బు ఉంది. మనసే అయిపోయింది," అంది ఆమె.

భర్త తల్లికి సంగతి చెప్పాడు. అత్త సోఫా అంచున కూర్చుండిపోయింది. "మందు ఎక్కించుకోను ఆసుపత్రిలో పడుంటే ఇంట్లో వంటెవరు చేస్తారు?"

"తినేవాళ్ళు."

ఈసారి ఆడపడుచు నవ్వలేదు. ఆమె వంటగదిలోకి వెళ్ళింది, మాడిన గిన్నెను దించి కింద పెట్టింది. అడుగున పట్టిన మసి అరచేతి నిండా అంటుకుంది. కుళాయి పక్కనే ఉంది. తిప్పలేదు.

"ఏమండీ, ఇటు చూడండి. నేను పట్టుకుని నడవడానికి గోడకి కడ్డీ ఎక్కడ బిగించాలో గుర్తు పెడుతున్నాను," అంది గడపలో నిలబడి.

ముగ్గురూ చూస్తుండగా, నిన్న తన చేత్తోనే తెల్లగా కడిగిన సగం మీద, నడుమెత్తులో, ఐదు వేళ్ళూ విప్పి చెయ్యి పెట్టి నడక మొదలుపెట్టింది.