ఇంకొకరు సర్దాల్సిన పక్క

ముప్పై ఒక్క ఏళ్ళు హోటల్లో పక్కలు సర్దాను. మూడో అంతస్తు నాది, రోజుకు పద్నాలుగు గదులు. సెలవులకు వచ్చే కుటుంబాలంటే నాకు ఒళ్ళు మంట. పరుపు మీద తడి తువ్వాళ్ళు, దిండు కింద బిస్కెట్ పొడి, స్నానాలగదిలో ఇసుక. అన్నీ అలాగే వదిలేసి, నా పక్కనుంచే నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళను లోపల్లోపల తిట్టుకుంటూ ఒకటే కోరుకునేదాన్ని. ఒక్కసారైనా నేనూ పక్కను చిందరవందరగా వదిలేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి.

ఉద్యోగం మానేసిన ఏడాదికి అమ్మాయి, అల్లుడు నన్ను సెలవులకు తీసుకెళ్ళారు.

"హోటల్ అన్నావు కదే?" అన్నాను గుమ్మం ముందు నిలబడి.

"ఇప్పుడు హోటళ్ళకి ఎవరెళ్తున్నారమ్మా! ఇది ఇల్లు. మూడు రోజులు మొత్తం మనదే," అంది అమ్మాయి.

మనదట! పలకరించే మనిషి లేడు. ఫోన్లో వచ్చిన అంకెలు నొక్కితే తలుపు తెరుచుకుంది. ఫ్రిజ్ మీద ఒక కాగితం. వెళ్ళేరోజు దుప్పట్లు, గలేబులు తీసి వాషింగ్ మెషీన్‌లో వెయ్యాలి, గిన్నెలు కడగాలి, చెత్త కిందికి తీసుకెళ్ళి తొట్టిలో పారెయ్యాలి, పదకొండుకల్లా ఖాళీ చెయ్యాలి. చివర ఒక నవ్వుముఖం బొమ్మ. అది చూసి నాకు ఇంకా మండింది.

"మనమేమన్నా పనివాళ్ళమా?"

"అన్నిచోట్లా ఇంతేనమ్మా. చెయ్యకపోతే ఓనరు మనకి తక్కువ స్టార్లు ఇస్తాడు. తర్వాత ఎవరూ ఇల్లివ్వరు."

మా రోజుల్లో అతిథి మొహం చిట్లిస్తే మాకు చీవాట్లు పడేవి. ఇప్పుడు అతిథికే మార్కులు వేస్తున్నారు. బాగుంది వరస.

మర్నాడు పొద్దున్నే లేచి, నిద్రమత్తు వదిలి చూసేసరికి నా పక్క సర్ది ఉంది. నేనే సర్దాను, మూలలు కవరు మడతలా బిగించి మరీ. నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది. దుప్పటి పీకి మళ్ళీ కుప్ప పోశాను. ఆ మర్నాడు లేస్తూనే చేతులు కట్టుకుని గదిలోంచి బయటపడ్డాను.

చివరి రోజు అల్లుడు చెత్త సంచీతో కిందికి దిగాడు. గిన్నెలు కడుగుతున్న అమ్మాయి నా గదిలోకి తొంగిచూసింది.

"అమ్మా, ఆ దుప్పట్లు లాగెయ్యవా? నీకు అలవాటే కదా, రెండు నిమిషాల పని."

చెంప మీద కొట్టినట్టయింది. ఆ అలవాటుతోనే దాన్ని పెంచి చదివించాను. వెళ్ళి పక్క మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"తియ్యను."

"చిన్నపిల్లలా ఏంటమ్మా ఈ పంతం?"

"ముప్పై ఒక్క ఏళ్ళు పంతం లేకుండానే బతికాను. ఇవాళ ఉంది."

అంతలో తలుపు తెరుచుకుంది. చీపురు, బకెట్ పట్టుకుని ఒకామె వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నదేమో.

"పదకొండయిందండీ. దుప్పట్లు ఇంకా తియ్యలేదే?"

"అది నీ పని కదా!" అన్నాను.

"ఒకప్పుడు నా పనేనండీ. ఇప్పుడు మీరే తీస్తారని నాకు అరగంటే ఇస్తున్నారు. పన్నెండింటికి ఇంకో ఇంట్లో ఉండాలి." నా మొహం చూడకుండానే చెప్పింది. హోటల్లో నేనూ ఎవరి మొహమూ చూసేదాన్ని కాదు.

నేను చేస్తే నిజంగా రెండు నిమిషాల పనే. చెయ్యలేదు. లేచి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాను.

"నువ్వు తియ్యి," అన్నాను అమ్మాయితో.

అది పళ్ళు కొరుకుతూ, తడి చేతులతోనే దుప్పటి లాగింది. గలేబు దిండుకి చిక్కుకుని రాక అవస్థపడింది. చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఊడుస్తూ నా కుర్చీ దాకా వచ్చి ఆగింది.

"కాస్త కాళ్ళు ఎత్తండమ్మా."

ఎత్తాను. నేను కోరుకున్నట్టే నా పక్క ఇంకొకరు తీశారు, నా కాళ్ళ కింద ఇంకొకరు ఊడుస్తున్నారు. ఇసుమంత సుఖం కూడా లేదు, సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతోంది. అయినా ఆమె ఊడ్చి అవతలికి వెళ్ళేదాకా కాళ్ళు దించలేదు.