గాలిగొట్టం

మా చేలో మిరపకాయలు ఆరబెట్టుకోవడానికి మెరకగా ఉన్న జాగా ఒక్కటే. సరిగ్గా అక్కడే పైపులైనువాళ్లు గాలిగొట్టం పాతి చచ్చారు. గోదారి నీళ్లు మోటార్లతో మా మెట్టకి ఎక్కేటప్పుడు పైపులో ఇరుక్కున్న గాలి దానిలోంచి పోవాలట. పోతే పోనీ, పోతూ పోతూ కాయల మీద నీళ్లు చిమ్మడమేంటి? తడిస్తే నల్లబడిపోవూ? ఒళ్లు మండి, ఇంట్లో చేతికందిన గుడ్డ తెచ్చి దాని నోట్లో కుక్కాను. పైన చెక్క పెట్టి, తీగతో బిగించి, ఎవరి కంటా పడకుండా తాటాకులు కప్పేశాను. కాయలు ఎత్తాక తీద్దామనుకుని శుభ్రంగా మర్చిపోయాను.

ఆ తర్వాత చివరి తూముకి నీళ్లు రావడం మానేశాయి. దాని కింద నాకు ఆడపడుచు వరసయ్యే చిట్టెమ్మ మొక్కజొన్న ఉంది. మొగుడు మంచాన పడ్డాక ఆ చేనే దానికి ఆధారం. కండె పాలు పోసుకునే వేళకి ఆకులు చుట్టుకుపోయి, సగం చేను ఎండిపోయింది. వాల్వులు తిప్పే లోవరాజుదే తప్పని ఊరంతా అంది. అందరికంటే పెద్ద గొంతు నాదే. "వాడు తాగి పడుకుంటే నీళ్లెక్కడొస్తాయండీ? ముందు వాణ్ణి పనిలోంచి తీసెయ్యండి!" అని అరిచాను. పాపం, వాడు చుక్క ముట్టడు.

మా చేను పక్కనున్న పంపుషెడ్డు దగ్గర మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు జగన్నాథరావు గారు గట్టిగా అడిగితే లోవరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వాల్వులన్నీ తిప్పే ఉన్నాయండి. పైపులో ఎక్కడో గాలి పట్టేసి నీళ్లకి అడ్డుపడుతోందండి."

గాలి అనగానే తాటాకుల కింద నేను కుక్కిన గుడ్డ గుర్తొచ్చింది. ఓరి దేవుడో, ఎంత పని చేశాను! లేచి నిలబడ్డాను.

"గాలిగొట్టం మూసింది నేనేనండి."

"ఊరుకోండి సూర్యకళ గారూ," అన్నారు ప్రెసిడెంటు గారు. "వాడి పని పోతుందని జాలిపడి మీ నెత్తినేసుకుంటే ఎలాగండీ?"

"మా వదిన మనసు వెన్నండి," అంటూ చిట్టెమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను. దాని చెయ్యి పట్టుకుని చేలోకి లాక్కుపోయాను. జనమంతా వెనకాలే వచ్చారు. తాటాకులు విసిరేసి, తీగ విప్పి, చెక్క తీసి, "నువ్వే లాగవే," అన్నాను. చిట్టెమ్మ లాగింది. గాలి బుస్సుమని లేచింది. లోవరాజు చివరి తూము వైపు పరుగెత్తాడు. కాసేపటికి అటునుంచి కేక వినబడింది.

"వచ్చేశాయండోయ్!"

చిట్టెమ్మ అటు చూడలేదు. చేతిలో గుడ్డ విప్పి, బురద తుడిచింది. ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ, కొసన పసుపు మరక. శ్రావణమాసం నోముకి పిలిచి, బొట్టు పెట్టి, నాకు తనే ఇచ్చిన గుడ్డ. నాసిరకమని నేను మూల పడేసిన గుడ్డ.

"కుట్టించుకున్నావేమో అనుకున్నాను వదినా," అంది.

తిట్టినా బాగుండేది. గుడ్డ పిండి, మడిచి, నడుముకి దోపుకుని తన చేను వైపు వెళ్లిపోయింది.