కాఫీ చేదుగా ఉందంటారాయన

"కాఫీ చేదుగా ఉంది," అన్నారు మా ఆయన.

"పొడి మారిందండీ," అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన అడక్కుండానే ఇంకో మాట కూడా చేర్చాను. "షాపువాడు ఈసారి వేరే రకం ఇచ్చాడు."

పొడీ మారలేదు, షాపువాడి తప్పూ లేదు. ఆయన స్నానానికి వెళ్ళగానే నేను మాత్రని కాగితం మడతలో పెట్టి, గ్లాసు అడుగుతో నలిపి, కాఫీలో కలిపి, పంచదార రెండింతలు వేస్తాను. ఎంత తిప్పినా అడుగున కాస్త తెల్లగా మిగులుతుంది. అది ఆయన కంట పడకుండా, చివరి గుక్క మింగీ మింగగానే కప్పు లాక్కుని కడిగేస్తాను. "ఎంత పనిమంతురాలో, ఎంగిలి కప్పు కింద పెట్టనివ్వదు," అని ఇంటికొచ్చిన వాళ్ళు మెచ్చుకుంటారు. నా శుభ్రత వెనక కథ అదీ.

మా ఆయన కట్టుడు పళ్ళు చేస్తారు. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తే మా ముందుగదిలో కూర్చుని, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ పేరుస్తారు. వీధిలో అందరికీ ఆయన పళ్ళ మాస్టారు. మనిషి నవ్వడం మాత్రం తక్కువ. "ఊరందరికీ పళ్ళు కడతారు, తమరి పళ్ళు మాత్రం చూపించరు," అని పెళ్ళయిన కొత్తలో ఏడిపించేదాన్ని. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట నిద్ర మానేశారు. తను చేసిన పళ్ళు పెట్టుకున్న వాళ్ళంతా తన మనసులో మాటలు బయటికి చెప్పేస్తున్నారని మొదలుపెట్టారు. ఒకరోజు వెనక వీధిలో ఉండే పెద్దాయన ఇంటికెళ్ళి, "నా మాటలు నాకిచ్చెయ్యండి," అని చేతులు పట్టుకుని ఏడ్చారట. పాపం ఆ పెద్దాయన హడలిపోయి, పళ్ళు తీసి ఆయన చేతిలో పెట్టేశాడు. ఈయన వాటిని చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికొచ్చారు. మర్నాడు నేనే పట్టుకెళ్ళి ఇచ్చి, గుమ్మంలో నిలబడి క్షమించమన్నాను. లోపల్నించి ఎవరో నవ్వారు. ఆ నవ్వు నేను ఈ జన్మకి మర్చిపోను.

తర్వాత ఆయన్ని ఆస్పత్రిలో ఉంచారు. మందులు పనిచేశాయి, అది మాత్రం ఒప్పుకోవాలి. నిద్రపట్టింది, మాట నెమ్మదించింది, మా ఆయన మళ్ళీ మా ఆయనలా ఇంటికొచ్చారు. కొన్ని నెలలు తనే మాత్రలు వేసుకున్నారు. తర్వాత, "బాగానే ఉన్నానుగా, ఇంకెందుకు?" అని మానేశారు. మానేసిన కొద్దిరోజులకే కిటికీ పక్క చేరి, వీధిలో పోయేవాళ్ళ నోళ్ళు చూడటం మొదలుపెట్టారు.

అప్పుడే బావగారు వచ్చి పంచాయితీ పెట్టారు. బావగారంటే మా ఆయన అన్నగారు, మా ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆయన నోటినుంచే రావాలి. "అడిగితే వేసుకోడు, చెబితే వినడు. వాడికి తెలీకుండా కలిపెయ్యండి. కర్ర విరక్కూడదు, పాము చావాలి," అన్నారు. పామంటే జబ్బని అప్పుడే అర్థమైంది. కర్ర నేనని తెలియడానికి చాలా కాలం పట్టింది.

"వంటిల్లు నీ చేతిలోనే ఉందిగా అమ్మాయ్," అన్నారు అత్తయ్య. "మొగుడి ప్రాణం కోసం ఆ మాత్రం చెయ్యలేవా?" అంతకుముందు అదే నోటితో, "పిల్లో పిల్లాడో ఉంటే నా కొడుకు మనసిలా పాడయ్యేదా," అని కూడా అన్నారు. జబ్బు రావడానికీ నేనే కారణం, తగ్గించాల్సిందీ నేనే. నడుమ డాక్టరుకి ఫీజెందుకు ఇస్తున్నామో మరి.

ఆ రోజునుంచి ఆఫీసుకి తప్ప నేను ఈ ఇల్లు వదిలి ఒక్క రాత్రి ఎక్కడా ఉండలేదు. మా చెల్లి పురిటికి వెళ్ళలేదు. "అక్కా, నీకంత తీరిక లేకుండా పోయిందా?" అని అది ఫోన్లో ఏడిస్తే ఏం చెప్పను? మా ఆయన కప్పులో రేపటి మాత్ర ఎవరు కలుపుతారే అని చెప్పనా? గుట్టు ఇంటిది, దాన్ని మోసేదాన్ని నేను. ఆయనకి జ్వరమొచ్చి కాఫీ వద్దంటే పెరుగులో, పెరుగు వద్దంటే పళ్ళరసంలో. పొరపాటున ఇంకెవరైనా ఆ కప్పు అందుకుంటారేమోనని నిత్యం కాపలా. ఒకసారి అదీ జరిగింది. బావగారు వచ్చి, నేను అటు తిరిగేలోపు తమ్ముడి కాఫీ ఎత్తి గడగడా తాగేశారు. నేను చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి మనిషి సోఫాలో పడ్డారు, చీకటిపడే వేళకి గానీ లేవలేదు. లేచి, నాలుక మడతపడుతుంటే, "మీ ఇంట్లో గాలి భలే తగులుతుందమ్మా," అన్నారు. వంటింట్లోకి పరిగెత్తి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నవ్వు ఆగాక ఏడుపొచ్చింది. ఆయన ఒక్క కప్పుకే అలా పడిపోతే, రోజూ అది తాగి పళ్ళు పేర్చే మనిషి సంగతేమిటి?

ఈమధ్య మా ఆయన చేతులు వణుకుతున్నాయి. అచ్చులో పన్ను నిలబెట్టబోతే మైనంలో పక్కకి ఒరిగిపోతోంది. మళ్ళీ కరిగించి, మళ్ళీ నిలబెడతారు. మాట ముద్దగా వస్తోంది. పళ్ళ డాక్టర్లు పంపే పని తగ్గించేశారు. "వయసు మీద పడుతోందేమో," అంటారు తనలో తనే, నలభై అయిదు నిండని మనిషి. అలాంటప్పుడే మొదలైంది ఈ చేదు గొడవ. మొదట కాఫీ. తర్వాత పెరుగు. ఒకరోజు భోజనాల దగ్గర కంచం పక్కకి జరిపి, మెల్లిగా, "ఈ ఇంట్లో నాకు ఎవరో ఏదో పెడుతున్నారు," అన్నారు.

అత్తయ్య చెయ్యి కడుక్కోకుండానే ఫోను తీశారు. "ఒరే పెద్దాడా, మళ్ళీ మొదలైందిరా వీడికి. ఏదో కలుపుతున్నారంటున్నాడు."

బావగారు ఆస్పత్రిలో ఆయన్ని చూసిన డాక్టరమ్మ దగ్గరికెళ్ళి అదే మాట చెప్పారు. అనుమానం తిరగబెట్టిందని ఆవిడ మందు పెంచింది. పెంచిన మందు తెచ్చి బావగారు నా చేతిలో పెట్టారు. నేను నలిపి కలిపాను. కాఫీ ఇంకా చేదెక్కింది. ఆయన ఇంకా గట్టిగా అన్నారు. మళ్ళీ ఫోను, మళ్ళీ డాక్టరమ్మ, మళ్ళీ పెద్ద మాత్ర. గానుగెద్దులా నేనూ ఆ చుట్టే తిరిగాను. ఇంట్లో ఒక్కరికీ, నాతో సహా, ఆయనన్నది నిజమే కదా అని నోరు విప్పబుద్ధి కాలేదు.

నిన్నగాక మొన్న ఆయన కాఫీ కప్పు పట్టుకుని వంటింట్లోకే వచ్చారు. కప్పు సాసర్లో టకటకా కొట్టుకుంటోంది. "ఇదిగో, నువ్వు తాగి చూడు," అన్నారు. "అమ్మ మాట నమ్మను, అన్నయ్య మాట నమ్మను. నువ్వు చేదు లేదంటే లేనట్టే. నా నాలుకనే నమ్మడం మానేస్తాను."

కప్పు అందుకున్నాను. ఒక గుక్క తాగాను. ఎంత చేదు! అంత పంచదారనీ చీల్చుకుని గొంతుకి అడ్డంపడింది. ఇన్నాళ్ళూ కలిపిన చేత్తో ఒక్కసారీ రుచి చూడలేదు నేను. వెనక అత్తయ్య గాజుల చప్పుడు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు.

"చేదేం లేదండీ," అన్నాను.

మా ఆయన మొహం చూడాల్సింది. కోపం లేదు. పరీక్ష తప్పిన పిల్లాడిలా తలదించుకున్నారు. "అయితే మళ్ళీ వచ్చేసినట్టుంది నాకు. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఆ పెద్దాయన్ని ఏడిపించినట్టు ఇంకెవర్నీ ఏడిపించకముందే తీసుకెళ్ళు," అని, మిగిలిన కాఫీ అంతా తాగేశారు. నేను నమ్మమన్నానని తాగేశారు.

ఛీ, ఏం బతుకు అనిపించింది.

నేను నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంటాను. ఎవరింటి కుళాయిలో మురికొచ్చినా ముందు తిట్లు తినేది నేను. మర్నాడు ఒకావిడ, "నీళ్ళు ఏదోలా ఉన్నాయమ్మా, మా ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు గానీ నాకు తేడా తెలుస్తోంది," అంది. "మనిషిని పంపుతానండీ," అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కరితోనైనా మీ నాలుకకి జబ్బండీ అనలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు చేదంటే మనిషిని పంపేదాన్ని, కట్టుకున్నవాడు చేదంటే మందు పెంచాను. హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి సూపర్‌వైజరు దగ్గరికెళ్ళాను. "మళ్ళీ పర్మిషనా? మీ ఆడవాళ్ళకి ఇల్లూ ఆఫీసూ ఒకటే అయిపోయాయి," అన్నాడు. "అవునండీ, రెండుచోట్ల పనికీ కలిపి జీతం మాత్రం ఒకటే," అని బయటికొచ్చేశాను.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టలేదు. ఆస్పత్రినుంచి వచ్చాక నన్నెప్పుడూ వెంట తీసుకెళ్ళలేదు బావగారు, మగవాళ్ళ పనని. నేను చెప్పింది విని ఆవిడ కుర్చీలో ముందుకి వంగింది. "తెలీకుండా కలుపుతున్నారా? ఆయనే వేసుకుంటున్నారని, పని ఒత్తిడివల్ల రాలేకపోతున్నారని చెప్పారే మీ బావగారు!" "మనిషిని చూడకుండా పెంచడం నాదే తప్పు. ఆ వణుకు మందుదే. తగ్గించవచ్చు, వేరేది ఇవ్వవచ్చు. కానీ ఆయన ఇక్కడికి రావాలి. ఒక్కసారిగా మాత్రం ఆపొద్దు, ఆపితే ప్రమాదం. ఆయనకి చెప్పండి. కోపమొస్తుంది, రానివ్వండి. వాదించకండి. ఆయన భయపడితే ఆ భయం నిజమేనని ఒప్పుకోండి." వాడాల్సింది ఎంతో రాసిచ్చి, ఎల్లుండి తీసుకురమ్మంది.

ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన. చెబితే మళ్ళీ మందు ముట్టుకోకపోవచ్చు. ఇక నా చేతి అన్నం తినకపోవచ్చు. నేనూ ఆ వీధిలో నోళ్ళలో ఒక నోరునైపోవచ్చు ఆయనకి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కానీ చెప్పకపోతే, మంచి నాలుకని జబ్బు నాలుకనుకుంటూ బతుకుతారు ఆ మనిషి, అదీ నా మాట మీద.

ఈ ఉదయం నలపలేదు. కాఫీ కాఫీలాగే కలిపాను. మాత్ర విడిగా చిన్న గిన్నెలో వేసి, రెండూ ఆయన పనిబల్ల మీద, మైనం పక్కన పెట్టాను.

"ఇదేమిటి?" అన్నారు.

"రోజూ మీ కాఫీలో నేను కలిపేది. చేదు దీనిదే. నిన్నగాక మొన్న నేను మీతో చెప్పింది అబద్ధం."

లోపల్నించి అత్తయ్య పరిగెత్తుకొచ్చారు. "నీ నోరు పడిపోను, నా కొడుకుని చంపుతావటే!" భయం ఆవిడకి మాత్రం లేదా, కన్నతల్లి. కాకపోతే ఆ భయాన్ని ఇన్నాళ్ళూ నా చేతులతోనే నలిపించారు.

మా ఆయన ఎవరివంకా చూడలేదు. మాత్రని వేలితో అటూ ఇటూ దొర్లించారు. "అయితే నాకు పిచ్చిలేదన్నమాట," అన్నారు.

"జబ్బుంది," అన్నాను. "పళ్ళు మీ మాటలు మాట్లాడాయన్నారే, అది జబ్బు. కాఫీ చేదుగా ఉండటం మాత్రం జబ్బు కాదు. అది మా పని."

మాత్రని తిరిగి గిన్నెలో వేశారు. తర్వాత, "నువ్వు కూడానా," అన్నారు. అంతే. కొట్టినా బాగుండేది. లేచి వంటింట్లోకెళ్ళి, నేనిచ్చిన కాఫీ పారబోసి, ఆ వణికే చేతులతో తనే పాలు పెట్టుకున్నారు. సగం పొయ్యిమీదే పొంగించారు. నేను సాయానికి వెళ్ళలేదు.

ఈలోగా అత్తయ్య కబురు చేరవేశారు కాబోలు, బావగారి ఫోను. "నీకు మతి ఉందా? ఇక వాడేమైనా చేసుకుంటే నీదే బాధ్యత!"

"ఇన్నాళ్ళూ ఎవరిదనుకున్నారు బావగారూ?" అన్నాను. "రేపు డాక్టరమ్మ దగ్గరికి మేమిద్దరమే వెళ్తాం. మీరు శ్రమపడకండి." పెట్టేశాను.

ఆయన తన కాఫీతో వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఒక గుక్క తాగి, నాలుకమీద కాసేపు నిలిపి చూసుకున్నారు. "నీమీద నాకు చాలా కోపంగా ఉంది," అన్నారు.

"ఉండనివ్వండి."

"రేపు ఆవిడతో నేనే మాట్లాడతాను. నువ్వు మధ్యలో రాకూడదు."

"రాను."

గిన్నెలో మాత్ర తీసుకుని, నోట్లో వేసుకుని, నీళ్ళు తాగారు. తర్వాత నావైపు తిరిగి, ఆస్పత్రిలో నర్సులు రోజూ చేయించినట్టు, నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తి చూపించబోయారు.

"చూపించక్కర్లేదండీ," అన్నాను. "మీరు మింగానంటే మింగినట్టే."